మెటీరియల్ ఖర్చు

రాజోలు బస్టాండు ఎదురుగా
జిరాక్సు, ల్యామినేషను, ఆన్‌లైను నాది.
పదమూడేళ్ళుగా పింఛన్లు, పంట నమోదులు, పాన్ కార్డులో తప్పులు.
సగం ఊరి పుట్టినతేదీలు నా వేళ్ళకి కంఠతా వచ్చు.
బొమ్మల సంగతి మాత్రం నాకేం తెలీదు.

నల్లి దీనమణి రొయ్యల షెడ్డు నుంచి
తిన్నగా ఇటే వచ్చింది.
ఐసులో నాని వేళ్ళు తెల్లగా ఉబ్బి ఉన్నాయి.
చంకలో సిమెంటు గోతాల చుట్ట.
విప్పితే షాపు నేల చాల్లేదు.
వరద తీసిన మర్నాడు లంకలో దొరికేవి:
గొళ్ళెం వేసిన తలుపొకటి, గోడ లేదు.
బీరువా అద్దం. గేదె లేని పలుపు.
అంతా ఒండ్రుతోనే వేసింది,
ఎండితే బూడిద, తడి తగిలితే నలుపు.
"కొత్తగా పైకొచ్చే కళాకారులకి
లక్షన్నర ఇస్తారంటండి?"
"ఆయ్, ఫారం చూద్దాం."

ఫారం పద్నాలుగు పేజీలు.
వర్ధమానులంటే ముప్పయ్యైదు లోపు.
ఆమెకి ఇంకా పదకొండు రోజులుంది.
ముప్పై రెండో ఏట మొదలెట్టిందట,
అంతకుముందు చేతులు ఖాళీ ఏవండీ, అంది.
మొన్నటి వరదకి వశిష్ఠలో కొత్త మేట లేచింది,
దాన్నెవరూ వయసడగలేదు.
సర్వే నంబరు మాత్రం అడుగుతున్నారు.

సోలో ప్రదర్శనలు ఎన్ని?
"చర్చి గోడ మీద ఓసారి ఆరేశానండి, లెక్కకొస్తుందా?"
ఇద్దరు ప్రముఖుల సిఫారసు?
"మా సూపర్‌వైజరు రాస్తాడు, బొమ్మల గురించి కాదు, హాజరు గురించి."
మీ సాధన ఏ ప్రశ్నను సంధిస్తోంది?
ఇంగ్లీషులో, అయిదు వందల మాటల్లో.
చాలాసేపు ఫ్యాను కేసి చూసింది.
"నీళ్ళు తీశాక ఏం మిగిలిందని."
నాలుగు మాటలయ్యాయి.
మిగతా నాలుగువందల తొంభై ఆరూ
మా మేనల్లుడు ఫోను చేత రాయించాడు.
చదివితే ఆమె కాదు, నేనూ కాదు,
ఎవరో బాగా చదువుకున్న మనిషి వరద గురించి విన్నట్టుంది.

ఆరడుగుల గోతాం రెండు ఎంబీ లోపు ఉండాలి.
నొక్కాను. ఇంకా నొక్కాను.
తలుపు పోయి గొళ్ళెం మిగిలింది.
సరిగా రావట్లేదని ఓ మూల తీసి
స్కానరు మీదే బోర్లించాం.

ఈలోగా ఆమెకో ఫోను.
ఏదో కళాపీఠం వారు, పురస్కారానికి ఎంపిక చేశారు,
ఆరు వేలు కడితే శాలువా, జ్ఞాపిక, భోజనం, స్టేజీ ఫోటో.
మా బావమరిది పోయినేడు పుచ్చుకున్నాడు,
ఏ కళకో వాడికీ తెలీదు.
ఆ శాలువా ఇప్పుడు ఇన్వర్టరు మీద కప్పి ఉంది.
దీనమణి ఫోను పెట్టేసి,
"అది ముందు తీసుకునేది, ఇది వెనక ఇచ్చేది,
అంతేనాండి తేడా?" అంది.

నిజమే. ముందు ఇవ్వరు.
ఖర్చుపెట్టి, జీఎస్టీ బిల్లు జతచేస్తే ఇస్తారు.
మెటీరియల్ ఖర్చు గడిలో సున్నా వేస్తే
ఎర్రగా మెరిసి వెనక్కి తోస్తోంది.
గోదారి ఒండ్రుకి రసీదు ఎవరిస్తారు?
"నేను కొడతాను లేమ్మా ఓ బిల్లు,
ఈ ప్రింటరే, రెండు నిమిషాలు."
నవ్వింది.
"ఏ షాపు పేరు మీదండీ?"
అక్కడ నాకు చెయ్యి ఆగిపోయింది.

పదకొండూ యాభై రెండుకి సర్వరు తిరగడం మొదలెట్టింది.
పన్నెండు దాటాక కూడా తిరుగుతూనే ఉంది.
వెళ్ళిందో లేదో ఇవాళ్టికీ తెలీదు.
డబ్బులొద్దన్నా వినకుండా
గాజు మీద మూడు పది రూపాయల బిళ్ళలు పెట్టి
ఆరింటి షిఫ్టుకి వెళ్ళిపోయింది.

ఆ గోతాం మూల ఇసుక గీరిందో ఏమో,
స్కానరు అద్దం మీద గీత పడింది.
స్పిరిటుతో తుడిచాను, కిరసనాయిలుతో తుడిచాను.
ఏ కాగితం పెట్టినా కింద కుడివైపు
సన్నటి పాయ ఒకటి దిగుతోంది.
కులం సర్టిఫికెట్ల మీద, పట్టాదారు పుస్తకాల మీద,
నిన్న ఎస్సై గారి బదిలీ ఆర్డరు మీద.

మండలాఫీసులో ఇప్పటిదాకా
ఎవరూ వెనక్కి పంపలేదు.